కేరేజీలో ఉప్పు

మధ్యాహ్నం ఒంటిగంటకు గంట కొట్టగానే మా కాలేజీ స్టాఫ్ రూములో కేరేజీల మూతలు లేస్తాయి. ఆ నిమిషాన ఎవరింట్లో ఏం పెట్టారో కళ్లు మూసుకుని చెప్పవచ్చు. లెక్కల మేష్టారిది మాగాయ, చరిత్ర మేష్టారిది కొరివికారం, లైబ్రేరియన్ గారిది నిమ్మకాయ, నాది ఆవకాయ. కూరలు మారతాయి, పప్పులు మారతాయి. పై గిన్నెలో ఓ మూల ఒదిగి కూర్చున్న ఊరగాయ మాత్రం మారదు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఈ ఇరవై ఏళ్లలో ఆవకాయ లేకుండా తిన్న మధ్యాహ్నభోజనాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

అంచేత నిరుడు మా కాలేజీలో వైద్యశిబిరం పెట్టినప్పుడు, ఒక నర్సమ్మాయి నా జబ్బకు పట్టీ చుట్టి, మిషను వంక చూసి, "మాష్టారూ, ఓ పదినిమిషాలు కూర్చోండి, మళ్లీ చూస్తాను" అన్నప్పుడు నేను ఆవకాయను అనుమానించలేదు. మొదటిసారి పైన 158, కింద 98 వచ్చింది. పదినిమిషాల తరువాత 156, 98. "ఆలస్యం చెయ్యకుండా డాక్టరుగారికి చూపించుకోండి" అంది. తప్పిన కుర్రవాళ్లతో నేను ఏ గొంతుతో మాట్లాడతానో సరిగ్గా ఆ గొంతుతోనే అంది.

అనకాపల్లిలో డాక్టరుగారు నిదానస్తులు. రెండు మూడు పూటలు చూసి, రక్తం, మూత్రం పరీక్ష చేయించి, ఒక మాత్ర రాశారు. రాసి, "ఉప్పు ఎంత తింటారు?" అని అడిగారు.

"మామూలుగానేనండి."

"మామూలుగా అంటే ఎన్ని గ్రాములు?"

నాకు నోట మాట రాలేదు. ఉత్పలమాలలో ఎన్ని గురువులో, ఎన్ని లఘువులో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నలభై ఎనిమిదేళ్లుగా మూడుపూటలా తింటున్న వస్తువు రోజుకు ఎంత తింటున్నానో నాకు తెలియదు. మీకు తెలుసా? ఈ పత్రిక పక్కన పెట్టి ఒక్క క్షణం ఆలోచించండి. తెలియదనే నా ధీమా.

రోజుకు 5 గ్రాములు దాటవద్దన్నారు డాక్టరుగారు. అంటే ఒక చిన్న చెంచాడు. కూర, పప్పు, చారు, పచ్చడి, ఫలహారం అన్నిటికీ కలిపి. ఇది ఆయన సొంత కవిత్వం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న లెక్కా, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనల్లోని లెక్కా ఇదే. ఈ సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదు వచ్చింది. మనవాళ్ల విస్తళ్లను వందేళ్లకు పైగా చూస్తున్న సంస్థ మాటను కొట్టిపారెయ్యలేం గదా! మరి మనం నిజంగా తింటున్నదెంత? ఢిల్లీ, హర్యానాలలోనూ మన ఆంధ్రదేశంలోనూ కొందరి మూత్రాన్ని ఇరవైనాలుగు గంటలపాటు పట్టి పరీక్షించి 2017లో ఒక పరిశోధన ప్రకటించారు. తిన్న ఉప్పు చాలావరకు అటే పోతుంది గనుక అది దొంగలెక్కకు వీలులేని పద్ధతి. అందులో మనవాళ్ల సగటు 9 గ్రాములు దాటింది. ఉత్తరాది వాళ్లకంటె మనమే ఓ పిసరు ముందున్నాం. ఏదో ఒక దాంట్లో ముందుండాలి కాబోలు.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె వాదించలేదు. వంటింటి గోడమీద కేలండరులో ఒక తేదీ చుట్టూ సున్నా చుట్టి చూపించింది. "ఈ రోజున కిలో ఉప్పు పొట్లం విప్పాను. అయిపోయిన రోజున ఇంకో సున్నా చుడతాను. మీ గ్రాములు అవే తేలతాయి" అంది. ఇంట్లో మేం అయిదుగురం: మా అమ్మ, మేమిద్దరం, అబ్బాయి, అమ్మాయి. పొట్లం సరిగ్గా ముప్పై రోజులు వచ్చింది. కిలోను ముప్పైతో భాగించి, అయిదుగురికి పంచితే తలా ఆరున్నర గ్రాములకు పైమాటే. ఫరవాలేదు, పరిధికి కాస్త బయటనే ఉన్నాం అనుకుని సంతోషించబోతుండగా మా అమ్మాయి అడిగింది: "మరి ఆవకాయలో ఉప్పో, నాన్నా?"

నిజమే. వేసవిలో జాడీలోకి వెళ్లిన కళ్లుప్పు ఈ పొట్లం లెక్కలోకి రాలేదు. అప్పడాలు, ఊరమిరపకాయలు, వడియాలు, రొట్టె, జంతికల పొట్లాలు కూడా రాలేదు. నా కథలో ప్రతినాయకుడు ప్రవేశించింది ఇక్కడే.

మా అమ్మ కొలతలు మా ఆవిడకు కంఠతా వచ్చు. మూడు కిలోల మామిడిముక్కలకు ఉప్పు, కారం, ఆవపిండి తలా ఆరువందల గ్రాములు, నూనె కిలో రెండువందలు. మొత్తం ఆరు కిలోల ఆవకాయలో ఆరువందల గ్రాముల ఉప్పు, అంటే పదోవంతు. మా అమ్మాయి కేకులకోసం కొన్న చిన్న తక్కెడమీద నా కేరేజీలో మామూలుగా పెట్టే ఆవకాయను, ఒక ముక్కా దాని చుట్టూ గుజ్జూ, తూచాం. ఇరవై అయిదు గ్రాములు. అందులో ఉప్పు రెండున్నర గ్రాములు. నా రోజు మొత్తం బత్తెంలో సగం, కేరేజీలో ఆ మూలన ఒదిగి కూర్చున్న పెద్దమనిషిదే!

ఇక్కడ మా నాన్నగారి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవారు. 1990లో 'గోదావరి' అని పేరుపెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిననాటికి నాకు పదమూడేళ్లు. ఆ రోజుల్లో సబ్బవరం ఇంకా విశాఖ జిల్లాలోనే ఉండేది. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరింది. తెల్లవారుజామున మా అమ్మ దీపం వెలిగించి కేరేజీ సర్దేది. కింది గిన్నె నిండా అన్నం, మధ్య గిన్నెలో పప్పో పులుసో, పై గిన్నెలో ఉప్పుచేప వేపుడు, దాని పక్కన ఆవకాయ. ముత్యాలమ్మపాలెం నుంచో పూడిమడక నుంచో గంపతో వచ్చే చేపల మనిషి దగ్గర ఉప్పుచేప కట్టలు కట్టలు కొని అటకమీద పెట్టేది. "నిప్పుల దగ్గర చెమటోడ్చేవాడికి ఉప్పు పడాలోయ్" అనేవారు నాన్న. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఒళ్లంతా కారిపోయేలా పనిచేసేవాడికి చెమటలో ఉప్పు పోతుంది. కాని సెలవురోజున అరుగుమీద కూర్చున్నా ఆయన విస్తట్లో అదే ఉప్పుచేప, అదే ఆవకాయ. రిటైరయి ఏడాది తిరక్కుండానే, 2012లో, ఒక ఉదయం పళ్లు తోముకుంటూ ఒరిగిపోయారు. ఎడమచెయ్యి, ఎడమకాలు పడిపోయాయి. మరి రెండేళ్లు మంచంమీదే ఉన్నారు. రక్తపుపోటుకు మాత్రలు ఎప్పుడో ఇచ్చారట; "ఒంట్లో బాగానే ఉంది గదా" అని ఆయనే మానేశారు.

నా జబ్బకు పట్టీ చుట్టిన రోజున నాకు గుర్తొచ్చింది ఆ మంచమే.

ఉప్పుకూ రక్తపుపోటుకూ ఉన్న చుట్టరికం పెద్ద రహస్యమేమీ కాదు. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. ఎక్కువైన ఉప్పును మూత్రపిండాలు ఎప్పటికప్పుడు తోసెయ్యలేకపోతే, దానితోబాటు నీరూ రక్తంలో నిలుస్తుంది. గొట్టాల్లో నీరు ఎక్కువైతే ఒత్తిడి పెరిగినట్టే. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడి తిన్న రక్తనాళాలు బిరుసెక్కుతాయి. వాటిల్లో ఏదో ఒకటి మెదడులో మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతం. ఇంతకాలమూ ఒంటికి ఏ బాధా తెలియదు. అదే దీని మాయ. మనవాళ్లు ఇది ఎరగనివారు కారు. చరకసంహిత విమానస్థానంలో మితిమీరి వాడరానివని మూడు వస్తువులు చెప్పారు: పిప్పళ్లు, క్షారం, లవణం. పాలల్లో కూడా ఉప్పు వేసుకు తాగే దేశాలున్నాయనీ, అక్కడివాళ్లకు అకాలంలో జుట్టు నెరిసి, బట్టతలలు వస్తాయనీ కూడా అందులో ఉంది. ఈ రెండో సంగతి మా లెక్కల మేష్టారికి చెప్పినప్పుడు ఆయన తల తడుముకున్నారు.

సరే, ఇది ముసలి ఊరగాయల కథ, ఈ కాలపు పిల్లలకు దీనితో ఏం పని అనుకుంటారేమో. మా అబ్బాయి కూడా అలాగే అనుకున్నాడు. వాడికి పరవాడ మందుల కంపెనీలో ఉద్యోగం. ఉదయం ఆరుగంటలకే బస్సు. "నాకు కేరేజీ వద్దమ్మా, నూనె కారుతుంది" అని వాడి మధ్యాహ్నభోజనం వాడే చేసుకుంటాడు. రెండు రొట్టెముక్కలు, వాటి మధ్య గులాబీరంగులో నున్నగా, గుండ్రంగా కోసి పొట్లంలో అమ్మే కోడిమాంసపు సలామీ నాలుగైదు బిళ్లలు, ఒక ఛీజుబిళ్ల, చెంచాడు టొమాటో సాసు. గాజువాకలోనూ పెందుర్తిలోనూ ఇవి చల్లటి బీరువాల్లో వరసగా దొరుకుతాయి. సాసేజీలు, సలామీలు, హామ్ అంటూ పేర్లు అనేకం. మా అమ్మ వాటిని చూసి "రబ్బరు ముక్కల్లా ఉన్నాయిరా" అంటుంది. వాడికి ఆవకాయంటే మహా చులకన. "నాన్నా, మీది నిలవ సరుకు, నాది శుభ్రమైన తిండి" అన్నాడు.

"ఆ పొట్లం ఇలా ఇవ్వు" అన్నాను.

ఇలాంటి పొట్లాలమీద ఉప్పు అని రాయరు, సోడియం అని రాస్తారు. మేష్టారిగా ఒక సులువు చెబుతాను, గుర్తు పెట్టుకోండి: 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. వాడి సలామీ పొట్లంమీద వంద గ్రాములకు 900 మిల్లీగ్రాములని ఉంది. వాడు తినే యాభై గ్రాములకు 450. రొట్టెముక్కలు రెండింటికి 270. ఛీజుబిళ్లకు దాదాపు అంతే. సాసుకు 130. అన్నీ కూడితే 1120, అంటే 2.8 గ్రాముల ఉప్పు. నా ఆవకాయది రెండున్నరే! వాడి ముఖం చూడాలి. "రొట్టె ఉప్పగా లేదే!" అన్నాడు. అదే చిక్కు. ఆవకాయ దొర, నేను ఉప్పును అని నాలుకమీద నిలబడి చెబుతుంది. రొట్టె, సాసు, సలామీ అలా చెప్పవు. తీపి వెనకా, మసాలా వెనకా దాక్కుంటాయి. పైగా సోడియం అంటే వంట ఉప్పొక్కటే కాదు. రొట్టెలను, కేకులను పొంగించే సోడాలోనూ, అప్పడాల కారంలోనూ, నూడుల్సు రుచిపొడిలోనూ, మాంసం ముద్దను పట్టి ఉంచే ఫాస్ఫేటుల్లోనూ, దాని రంగును కాపాడే నైట్రైటులోనూ కూడా అది ఉంటుంది. ఇంట్లో వండిన కోడిమాంసం తెల్లబడుతుంది గదా, సలామీ మాత్రం గులాబీరంగులోనే ఎందుకుంటుందో మా అమ్మాయికి అప్పుడు తెలిసింది. ఇలా ఊరబెట్టి, పొగబెట్టి నిలవచేసిన మాంసాలను 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి కేన్సరు పరిశోధన విభాగం కేన్సరు కారకాల జాబితాలో చేర్చింది. అది వేరే కథ, ఉప్పుకథకే వద్దాం.

ఆ రాత్రి పొట్లాన్నీ జాడీనీ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే నాకు ఒక సంగతి తట్టింది. అంత ఉప్పు రుచికోసం వేసింది కానేకాదు. నిలవకోసం వేసింది. ఉప్పు మామిడిముక్కలోని నీటిని బయటకు లాగుతుంది. మిగిలిన తడిని కూడా సూక్ష్మజీవులకు అందకుండా బిగించేస్తుంది. బూజుకైనా, క్రిమికైనా బతకడానికి నీరు కావాలి. ఉప్పుచేప అయినా, ఊరగాయ అయినా, ఐరోపాలో చలికాలంకోసం పంది తొడను ఉప్పులో ఊరేసిన హామ్ అయినా కిటుకు ఒక్కటే. వర్షాకాలంలో పడవలు కదలవు, కూరలు దొరకవు, సంత మునిగిపోతుంది. ఆ నాలుగు నెలలూ బతకడానికి మన ముత్తవ్వలు జాడీలు పెట్టారు. ఇవాళ సబ్బవరం కూడలిలో ఆషాఢమాసపు ముసురులోనూ తాజా కూర దొరుకుతుంది. ఇంట్లో ఫ్రిజ్జు ఉంది. అవసరం వెళ్లిపోయింది, ఉప్పు మిగిలిపోయింది.

అయితే మరునాడు నేనొక తెలివితక్కువ పని చేశాను. మా అమ్మ చింతపండు గింజలు తీసుకుంటోంది. దగ్గర కూర్చుని, "అమ్మా, ఈ వేసవికి ఆవకాయలో ఉప్పు సగం తగ్గించెయ్యి" అన్నాను.

"ఏటిరా బాబూ, ఏడాదికెట్టిన ఊరగాయిలో ఉప్పు తగ్గిత్తే బూజట్టీదా? నీ సదువుకే బూజట్టినట్టుంది" అంది.

ఎం.ఏ. చదివిన నాకంటె మా అమ్మకే ఎక్కువ తెలుసని ఒప్పుకోవాలి. బయట నిలవుండే ఊరగాయలో ఉప్పు తగ్గించడమంటే కంచె పీకెయ్యడమే. సలామీ చేసేవాడికీ అదే ఇబ్బంది. కొంతవరకు తగ్గించగలడు, మొత్తం తియ్యలేడు. అంచేత ఇటువంటి సరుకులో ఉప్పు తగ్గించడమెలా అని కాదు అడగవలసింది. ఆ సరుకును తగ్గించడమెలా అని. నేను నా తప్పు దిద్దుకుందామని, డాక్టరుగారు చెప్పిన గ్రాములూ, నా 158, సలామీ, ఫాస్ఫేటులూ, అన్నీ ఏకరువు పెట్టాను. మా అమ్మ చివరిదాకా విన్నది. చేతిలో చింతపండు అలాగే ఉంది.

"అయితే మీ నాన్నకి ఆ జబ్బు నా ఊరగాయి వల్ల వొచ్చిందంటావా?" అంది.

క్లాసులో ఎంత చిక్కు ప్రశ్న వేసినా గంట గడపగలను. ఆ ప్రశ్నకు నా దగ్గర మాట లేకపోయింది. కాదమ్మా అంటే అబద్ధం. అవునంటే అంతకంటె పెద్ద అబద్ధం. ఆయన మాత్రలు మానేశారు. రోజుకో కట్ట బీడీలు కాల్చేవారు. ముప్పై ఏళ్లు రాత్రి షిఫ్టులు చేశారు. "ఆయనకు ఇష్టమైనవి నువ్వు వండావు. ఎంత తినాలో మనకెవరూ చెప్పలేదమ్మా. నాకు చెప్పారు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని లేచిపోయింది. ఆ పూట అన్నం సరిగా తినలేదు. మా ఆవిడ నావంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు మధ్యాహ్నం కేరేజీ తెరిచేసరికి ఆవకాయ గిన్నెలో ముక్క లేదు. గోరంత గుజ్జు ఉంది. దాని పక్కన నిమ్మబద్ద, సన్నగా తరిగిన పచ్చిమామిడి తురుము, వేయించిన నువ్వులపొడి. సాయంత్రం ఇంటికొచ్చి జాడీ దగ్గర చూశాను. పాత గరిటె మాయమయింది. దాని చోట దగ్గుమందు సీసామీద బోర్లించే ప్లాస్టిక్ మూత, అయిదు మిల్లీలీటర్ల దగ్గర గీత ఉన్నది, కడిగి తుడిచి పెట్టి ఉంది. మా అమ్మ ఆ గీత దాకానే కొలిచి వేస్తోంది. తూచి చూస్తే అయిదారు గ్రాములు. అందులో ఉప్పు అరగ్రాము. "ఊరగాయా, మందా?" అని మా అమ్మాయి నవ్వితే, "మందే గుంటా, నోరుమూసుకు తిను" అంది.

అక్కడినుంచి మా ఇంట్లో వచ్చిన మార్పులు ఒక్కరోజులో వచ్చినవి కావు. మొదటి పదిరోజులూ పప్పు చప్పగా, చారు వేడినీళ్లలా ఉండేది. నిజం చెప్పాలంటే రెండుసార్లు దొంగతనంగా ఉప్పుడబ్బా మూత తీశాను. మూడో వారం దాటేసరికి చప్పదనం సంగతే మరిచిపోయాం. నాలుక మహా లొంగుబాటు గలది. ఎంత అలవాటు చేస్తే అంతే కోరుతుంది. రెండు మూడు నెలల్లో తక్కువ ఉప్పుకు అది కుదురుకుంటుందని శాస్త్రజ్ఞులు చెప్పినమాట మా ఇంట్లో అక్షరాలా జరిగింది. దసరా నాటికి ఒక పెళ్లిలో సాంబారు నోట పెట్టుకుని మా అందరికీ ఒకేసారి మొహాలు ముడుచుకున్నాయి. పులుపు, అల్లం, మిరియాలు, కరివేపాకు, జీలకర్ర ఇవి ఉప్పు లోటును కొంత కప్పిపుచ్చుతాయి. మరో సంగతి మనకు కలిసివచ్చింది: మనం అన్నంలో ఉప్పు వెయ్యం. రొట్టె తినేవాడికి ఆ వెసులుబాటు లేదు, పిండిలోనే ఉప్పు కలిసి వస్తుంది.

ఉప్పుచేపను మాత్రం వదులుకోవడం మా అమ్మకు కష్టమయింది. దానికి మా చేపల మనిషే దారి చెప్పింది. ఉప్పుచేప వేరు, ఎండుచేప వేరు. ఉప్పుచేపలో పదోవంతుకు పైగా ఉప్పే ఉండడం మామూలు. ఇసుకమీద వట్టి ఎండకు ఎండబెట్టిన నెత్తళ్లలో పైన వేసిన ఉప్పు ఉండదు; అడిగి కొనుక్కోవాలి. ఉప్పుచేపే కావాలంటే వేణ్ణీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు రెండు మూడుసార్లు మార్చి, కూరలో వేరే ఉప్పు వెయ్యకుండా వండాలి. ఇప్పుడు నెలకోసారి ఆ పండుగ చేసుకుంటున్నాం.

అబ్బాయి భోజనం సంగతి మా ఆవిడ చూసుకుంది. ఆదివారంనాడు అరకిలో కోడిమాంసం, ఎముక తీసింది, పెరుగు, మిరియాలు, వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి, చిటికెడు ఉప్పుతో మూతపెట్టి మగ్గనిచ్చి, చల్లారాక పల్చగా కోసి ఫ్రిజ్జులో పెడుతుంది. రెండురోజులు వస్తుంది. వట్టి కోడిమాంసంలో వంద గ్రాములకు సోడియం 70, 80 మిల్లీగ్రాములకు మించదు. సలామీలో దానికి పదింతలు ఉంది గదా! మిగతా రోజుల్లో కోడిగుడ్డు, శనగలు, బంగాళాదుంప. రొట్టె బదులు చపాతీ. ఛీజుబిళ్ల శనివారానికి పరిమితమయింది. వాడు సలామీని పూర్తిగా మానలేదు. ఎప్పుడైనా కొన్నప్పుడు పొట్లాలు రెండు చేతుల్లో పట్టుకుని సోడియం తక్కువున్నది ఏరుకుంటున్నాడు. ఒకే రకం సరుకులో ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ ఎంత తేడా ఉంటుందో చూసి వాడే ఆశ్చర్యపోయాడు. ఫిన్లండు దేశం ఈ ఏరివేతనే దేశమంతటికీ నేర్పింది. అక్కడ ఉత్తర కరేలియా అనే సీమలో గుండెజబ్బులతో మగవాళ్లు మరీ చిన్నవయసులో పోతుంటే 1972లో పెద్ద ఉద్యమం మొదలుపెట్టారు. తరువాత, 1990ల్లో, ఉప్పు హద్దుమీరిన రొట్టెలు, సాసేజీలమీద 'ఉప్పు ఎక్కువ' అని అచ్చువెయ్యాలని చట్టం చేశారు. ఆ మాట వేయించుకోవడం ఇష్టంలేని కంపెనీలు తమంతట తామే ఉప్పు తగ్గించాయి! మన పొట్లాలమీద ఇంకా చిన్న అక్షరాల సోడియమే. నా కళ్లద్దాలకు కూడా ఒక్కోసారి అందదు.

స్టాఫ్ రూములో ఈ కథ చెబితే తలొక సలహా ఇచ్చారు. చరిత్ర మేష్టారు, "మాది సైంధవలవణం, దానికి దోషం లేదు" అన్నారు. వెనకటికి ఒకాయన సైంధవం తెమ్మన్నాడట. భోజనానికి కూర్చుని అన్నాడా, ప్రయాణానికి నిలబడి అన్నాడా అన్నదాన్నిబట్టి ఉప్పు తేవాలో గుర్రం తేవాలో తేల్చుకోవాలని మేం పాఠం చెబుతాం. రక్తపుపోటు దగ్గరికొచ్చేసరికి ఆ చర్చ అక్కరలేదు. గులాబీరంగులో ఉన్నా, నల్లగా ఉన్నా, సింధుదేశంలో పుట్టినా, నౌపడ మడుల్లో పండినా అది సోడియం క్లోరైడే. లైబ్రేరియన్ గారు సోడియం తగ్గించిన కొత్తరకం ఉప్పు సంగతి ఎత్తారు. ఇందులో విషయం ఉంది. కొంత సోడియం తీసి, పొటాషియం కలిపిన ఉప్పును చైనాలో ఆరువందల పల్లెల్లో సుమారు ఇరవై ఒక్క వేలమందికి వాడి చూసి 2021లో ఫలితం ప్రకటించారు. పక్షవాతాలు నూటికి పద్నాలుగు వంతులు తగ్గాయి. కాని మూత్రపిండాల జబ్బున్నవాళ్లకూ, కొన్నిరకాల రక్తపుపోటు మాత్రలు వాడేవాళ్లకూ ఆ పొటాషియం ఒంట్లో పేరుకుని ప్రాణంమీదికి రావచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట ప్రాంతాల్లో, ఇంటింటా మూత్రపిండాల రోగులున్న సంగతి మన ఉత్తరాంధ్రవాళ్లకు వేరే చెప్పాలా? మా డాక్టరుగారు నా రక్తపరీక్ష చూసి, నాకిచ్చిన మాత్ర పేరు చూసి, "మీకు ఇప్పుడు వద్దు" అనేశారు. అందుకని అది దుకాణంలో చూసి కొనుక్కునే వస్తువు కాదు, డాక్టరును అడిగి కొనుక్కునే వస్తువు.

నా మాత్ర నేను మానలేదు. మా నాన్నగారు చేసిన పొరపాటు నేను చెయ్యదలచుకోలేదు. మొన్న చూపించుకుంటే 132, 84 వచ్చింది. ఇందులో మాత్ర వాటా ఎంత, దగ్గుమందు మూత వాటా ఎంత అని అడిగాను. డాక్టరుగారు నవ్వి, "రెండింటినీ విడదియ్యకండి" అన్నారు. వంటింటి కేలండరులో సున్నాకూ సున్నాకూ మధ్య ఇప్పుడు ఆరువారాలు ఉంటోంది.

ఏటా సంక్రాంతి దాటేసరికి మా ఆవకాయ జాడీ అడుగంటేది. ఈసారి ఉగాది వచ్చినా ఇంకా సగం ఉంది. మా అమ్మ మూత తీసి చూసి, కాసేపు అలాగే నిలబడి, ఒక సీసాలోకి ఎత్తి పెందుర్తిలో ఉన్న మా అక్కకు పంపమంది. సీసాతోబాటు దగ్గుమందు మూత ఇంకొకటి కడిగి ఇచ్చింది. కాయల వాడు వీధిలోకి వచ్చినప్పుడు, ప్రతి ఏడూ తీసుకునే యాభై కాయలకు నేను సంచి పట్టుకుని సిద్ధంగా నిలబడితే, "ఇరవై సాలు" అంది.